ఇంకొంచెం అన్నం

ఇచ్ఛాపురంలో పరాంకుశం మాస్టారిని ఏదైనా అడగాలని వచ్చేవాళ్ళు చెప్పుల్ని గుమ్మం ముందు వీధివైపుకి తిప్పి, మళ్ళీ తొడుక్కోవడానికి వీలుగా విడిచి లోపలికి వెళ్ళేవారు. దానికి కారణం ఉంది. ప్రశ్న వినగానే మాస్టారు జవాబు చెప్పరు. కళ్ళజోడు తీసి, పంచె అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని "చెప్పులేసుకో" అంటారు. అడిగినవాళ్ళని వెంటబెట్టుకుని ఎక్కడికో బయల్దేరతారు. ఒకసారి విశాఖపట్నం నుంచి ఒక ఆచార్యుడు వచ్చి, కవిత్వానికి ప్రయోజనం ఏమిటని అడిగాడు. మాస్టారు ఆయన్ని బస్టాండుకి తీసుకెళ్ళి సిమెంటు బల్ల మీద రెండు గంటలు కూర్చోబెట్టారు. మూడో గంటలో విశాఖ బస్సు కనిపించింది. ఆచార్యుడు గబుక్కున ఎక్కి వెళ్ళిపోయాడు, మళ్ళీ ఈ ఊరు రాలేదు. మాస్టారు దాన్ని కూడా జవాబు కిందే జమకట్టుకున్నారు.

ఆయన ముప్పై ఏళ్ళు హైస్కూల్లో తెలుగు చెప్పారు. అంతకన్నా ఎక్కువ ఏళ్ళు ఒడియా నుంచి తెలుగులోకి పుస్తకాలు తెచ్చారు. ఇప్పుడు డెబ్భై నాలుగు నిండాయి. కుడిచేతి బొటనవేలు పెన్ను పట్టనివ్వడం లేదు, మోకాళ్ళు మెట్లు ఎక్కనివ్వడం లేదు. అయినా ఎవరో ఒకరు ప్రశ్న పట్టుకుని వస్తూనే ఉంటారు, ఆయన విసుక్కుంటూనే చెప్పులు వేసుకుంటారు.

వచ్చేవాళ్ళలో పదిహేనేళ్ళుగా మానకుండా వస్తున్న శిష్యురాలు సువర్చల. నలభై నాలుగేళ్ళ మనిషి, పలాసలో ప్రభుత్వ జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతుంది. ఒడియా అక్షరాలు మాస్టారి వసారాలోనే దిద్దింది. కవిత్వం మాత్రం ఎవరూ నేర్పకుండానే రాసింది. రెండు పుస్తకాలు వేసుకుంది. మొదటిదానికి రెండు సమీక్షలు వచ్చాయి. రెండోదానికి ఒకటి వచ్చింది, అదీ స్నేహితురాలు రాసింది. మిగిలిన ప్రతులు ఇంట్లో మంచం కింద అట్టపెట్టెల్లో ఉన్నాయి. ఇల్లు ఊడ్చినప్పుడల్లా ఆ పెట్టెల్ని ముందుకు లాగాలి, ఊడ్చాక వెనక్కి తోయాలి. సొంత కవిత్వంతో ఆమెకి మిగిలిన సంబంధం ఈ మధ్య అంతవరకే ఉంది.

అనువాదాల సంగతి వేరు. ఒకటి పూర్తయ్యేలోగా ఇంకొకటి గుమ్మంలో నిలబడి ఉంటుంది. ప్రచురణకర్త ఫోన్లు, ప్రూఫులు, ఎవరెవరి పుస్తకాలకో ముందుమాటలు, వాట్సాప్‌లో "మేడమ్, మీ అమూల్యమైన అభిప్రాయం" అంటూ వచ్చిపడే కవితలు, వీటన్నిటి మీద కాలేజీ పరీక్ష పేపర్లు. ఒకరోజు పాఠం చెబుతూ చెబుతూ ఆగిపోయి, తను మాట్లాడుతున్నది తన మాటేనా, లేక నిన్న తెలుగు చేసిన ఇంకెవరి మాటా అని ఒక నిమిషం తేల్చుకోలేకపోయింది. పిల్లలు నవ్వారు. ఆమెకి నవ్వు రాలేదు. వారం రోజులు ఎవరి అక్షరాలూ కంటపడని చోట పడుకోవాలని తప్ప ఆమెకి పెద్ద కోరికలేమీ మిగల్లేదు.

అటువంటి మనిషి ఒక రెండో శనివారం పొద్దున్న ఎనిమిదింటికల్లా మాస్టారి గుమ్మంలో దిగింది. భుజానికి సంచి, సంచిలో ప్రూఫుల కట్ట. చెప్పులు ఒకటి అటు, ఒకటి ఇటు విడిచేసింది. అలవాటు తెలిసిన మనిషి అలా విడిచిందంటే ఎంత డస్సిపోయి ఉందో మాస్టారికి అర్థమయింది.

"అడుగు" అన్నారు, ఆమె కూర్చోకముందే.

"ఒక వాక్యం ఉంది మాస్టారూ. దాన్ని నేను రాశాను. లోకం అంతా దాన్ని వేరేవాళ్ళదనుకుంటోంది. అది ఎవరిదండీ?"

ఆ వాక్యం సంగతి ఇక్కడ కొంచెం చెప్పుకోవాలి. ధ్రువచరణ్ బిసోయి అని ఒక ఒడియా కవి ఉన్నాడు. రైల్వేలో గేట్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి, బరంపురం అవతల ఒక పల్లెలో ఉంటాడు. గేటు గదిలో కూర్చుని బండికీ బండికీ మధ్య దొరికిన వేళల్లో రాసుకున్న కవితలు ఆయనవి. సువర్చల వాటిలో అరవై తెలుగు చేసింది. పుస్తకంలో ఆఖరి కవిత ఆయన భార్య పోయిన రోజు గురించి. ఆ రోజు ఏ బండి ఎన్నింటికి వచ్చింది, ఏది ఆలస్యమైంది, ఎవరు ఎవరికి కబురు పంపారు, తడిసిన కట్టెలు ఎంతసేపటికీ అంటుకోక ఎంత తంటా పెట్టాయి, అన్నీ ఒకటొకటిగా పొడిపొడిగా చెప్పుకుపోతాడు. ఎక్కడా ఏడవడు. చివరికి శ్మశానం నుంచి ఇంటికి వస్తాడు. వదినగారు తన ఇంట్లో వండిన అన్నం, పప్పు తెచ్చి వడ్డిస్తుంది. అక్కడ రెండు ముక్కల్లో కవిత అయిపోతుంది: "పప్పు బాగుంది. ఇంకొంచెం అన్నం పెట్టమన్నాను."

ఈ ముగింపు దగ్గర సువర్చల నాలుగు రోజులు ఆగిపోయింది. భార్యని తగలబెట్టి వచ్చినవాడు పప్పు బాగుందనడం ఏమిటి? తెలుగువాళ్ళు చదివితే ఈయన్ని కఠినాత్ముడనుకోరూ? బండి వచ్చే వేళయి, ఏదో ఒకటి గీకేసి జెండా పట్టుకుని లేచి ఉంటాడని కూడా అనుకుంది. అవతల ప్రచురణకర్త రోజూ ఫోన్ చేస్తున్నాడు. అయిదో రోజు మధ్యాహ్నం ఆ రెండు ముక్కలూ పక్కకి తోసేసి తను వేరే రాసింది: "ఆ అన్నంలో ఎవరూ ఉప్పు వేయలేదు. అయినా ఉప్పగానే ఉంది." రాసి, తనే చదువుకుని, తనే కళ్ళు తుడుచుకుంది. దొంగతనం చేసినట్టు ఆమెకి ఏ కోశానా అనిపించలేదు. చలిలో కూర్చున్న పెద్దాయనకి దుప్పటి కప్పినట్టు అనిపించింది.

పుస్తకం వచ్చింది. మిగతా యాభై తొమ్మిది కవితల గురించి ఎవరూ మాట్లాడలేదు. ఆ వాక్యం మాత్రం కాళ్ళొచ్చి నడిచింది. జనం దీపం బొమ్మ పక్కన పెట్టి వాట్సాప్ స్టేటస్‌లు పెట్టుకున్నారు. టెక్కలిలో ఒక రిటైర్డ్ తహసీల్దారు తన భార్య పెద్దకర్మ కార్డు మీద అచ్చు వేయించి, కింద ధ్రువచరణ్ బిసోయి అని పేరు వేయించాడు. ఇప్పుడు విశాఖలో ఒక సాహితీ సంస్థ ఆ అనువాదానికి పురస్కారం ప్రకటించింది. వచ్చే ఆదివారం సభ. సన్మానపత్రంలో ఆ వాక్యం ఉందట, సభలో ఆ కవితే చదవాలట. రెండో ముద్రణ ప్రూఫులు సోమవారానికి పంపాలి.

"పాతికేళ్ళుగా రాస్తున్నాను మాస్టారూ" అంది సువర్చల. గొంతు నిలకడగానే ఉంది, చేతులు మాత్రం సంచి తాడుని మెలిపెడుతున్నాయి. "నా పేరుతో రాసినవాటిల్లో ఒక్క ముక్కా ఎవరికీ గుర్తులేదు. గుర్తున్న ఆ ఒక్కటీ ఆయన పేరు మీద తిరుగుతోంది. ఆ పెద్దకర్మ కార్డు చూసినప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఎందుకొచ్చిందో చెప్పడానికి సిగ్గేస్తోంది. నా పేరు లేదని వచ్చింది. చెబితే ఆయన పరువు పోతుందో నా పరువు పోతుందో తెలీదు. చెప్పకపోతే మనసు నిలవడం లేదు. పోనీ, నేనేమైనా పాడుచేశానా? ఆయన వాక్యం కన్నా నాది బాగోలేదూ? మీరే చెప్పండి."

మాస్టారు ఒకసారి పుస్తకాల అలమర వైపు చూశారు. బిసోయి పుస్తకం ఒడియాదీ తెలుగుదీ పక్కపక్కనే ఉన్నాయి. కళ్ళజోడు తీశారు, తుడిచారు, పెట్టుకున్నారు. ఈసారి తుడవడం మామూలు కన్నా ఎక్కువసేపు పట్టింది.

"చెప్పులేసుకో" అన్నారు.

లోపల్నుంచి ఆయన భార్య ఆండాళమ్మ కేక వేసింది. "ఉప్మా దించేస్తన్నాను, రెండు ముద్దలు తినెళ్ళండి. ఆ పిల్ల ముఖం చూడండి ఎలా ఉందో!"

"బండెళ్ళిపోద్దే" అని మాస్టారు అప్పటికే వీధిలో ఉన్నారు.

ప్యాసింజరు బండిలో కిటికీ పక్కన చోటు దొరికింది. ఎక్కడికని సువర్చల అడిగితే, "గేటు దగ్గరికి" అన్నారు. ఆమె ఇంతవరకూ బిసోయిని చూడలేదు. పుస్తకం పని జరిగిన ఏడాదిన్నర కాలమూ ఏ సందేహమొచ్చినా ఆయన కొడుక్కి ఫోన్ చేసేది, అతను తండ్రిని అడిగి చెప్పేవాడు. ఇక్కణ్ణుంచి రెండు గంటల ప్రయాణం. ఒకసారి వెళ్ళొద్దామని ప్రతి సెలవుకీ అనుకునేది, ప్రతి సెలవుకీ ఏదో ఒక ప్రూఫు అడ్డం వచ్చేది. ఆ మనిషి రాసిన అరవై కవితలూ ఇంచుమించు కంఠతా వచ్చు, ఆ మనిషి ముఖం మాత్రం తెలీదు. ఇది తలుచుకుంటే ఆమెకే వింతగా ఉంది. దార్లో మాస్టారు తల కిటికీకి ఆనించి, నోరు కొంచెం తెరిచి నిద్రపోయారు.

బరంపురం దాటాక ఒక చిన్న స్టేషన్లో దిగి, పట్టాల వెంబడి నడిచారు. ఒకప్పటి గేటు ఇప్పుడు లేదు. పట్టాల కింద నుంచి రోడ్డు తవ్వారు, గేటు గది తలుపుల్లేకుండా మిగిలింది. దానికి యాభై అడుగుల దూరంలో బిసోయి ఇల్లు. వసారాలో నులకమంచం మీద, పట్టాల వైపు తిరిగి ఆయన కూర్చుని ఉన్నాడు. ఎనభై ఒక్క ఏళ్ళు. సన్నటి మనిషి. భుజం మీద తుండులా కనిపించింది తుండు కాదు, వెలిసిపోయిన పచ్చజెండా గుడ్డ.

మాస్టారితో ఆయనకి పాత పరిచయం. సువర్చల పాదాలకి దణ్ణం పెట్టి "మౌసా" అని పిలిచింది. ఆ వైపు పెద్దవాళ్ళని బాబాయి వరసన అలా పిలుస్తారు. ఆయన ఆమె తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు తియ్యలేదు.

"నన్ను తెలుగువాణ్ణి చేసిన తల్లి నువ్వేనా?" అన్నాడు ఒడియాలో. తర్వాతి మాటలన్నీ ఒడియాలోనే జరిగాయి. "సోంపేట దగ్గర గేట్లో పదేళ్ళు చేశాను. తెలుగు చదవలేను గానీ, వింటే అంతా తెలుస్తుంది. మావాడు ఫోన్లో చదివించుకోమంటాడు. ఫోన్లో నాకు ఎవరి గొంతైనా ఒకలాగే ఉంటుంది. నువ్వు చదువు తల్లీ. ఆఖరిది చదువు."

సువర్చల మాస్టారి వైపు చూసింది. ఆయన చూరు కింద పిచ్చుక గూడు చూస్తున్నారు.

ఆమె సంచిలోంచి ప్రూఫులు తీసి చదవడం మొదలుపెట్టింది. ముసలాయన కళ్ళు మూసుకుని విన్నాడు. ప్రతి వాక్యానికీ తలాడిస్తూ మధ్యమధ్య సాక్ష్యం చెబుతున్నాడు. "అవును, ఆ గూడ్సు నలభై నిమిషాలు లేటు." "అవును, కట్టెలు తడిసిపోయాయి, మా తమ్ముడు కిరసనాయిలు కోసం పరుగెత్తాడు." తన బతుకు పరాయి భాషలో ఒక్క నిమిషం కూడా తేడా లేకుండా నడుస్తూంటే ఆయన ముఖం విప్పారుతోంది. సువర్చల మాత్రం ఒక్కో వాక్యం దాటుతున్నకొద్దీ ఇంకా నెమ్మదిగా చదువుతోంది. ఆఖరికి అన్నం దగ్గరికి వచ్చింది. ఇక్కడ కాగితం వదిలేసి ఆయన వాక్యాన్నే తెలుగులో చెప్పేస్తే సరిపోతుంది, ఎవరికీ తెలీదు. ఆ ఆలోచన ఆమెకి వచ్చింది. కానీ ఆ కళ్ళు మూసుకున్న ముఖం ముందు ఇంకో అబద్ధం చెప్పడానికి ఓపిక లేకపోయింది. అచ్చులో ఉన్నదే చదివింది.

తల ఆడలేదు.

"ఆఖరిది మళ్ళీ చదువు తల్లీ."

చదివింది.

"బాగుంది" అన్నాడాయన. కళ్ళు తెరిచాడు. "చాలా బాగుంది. ఎవరిది?"

ఈ ప్రశ్న ఎవరైనా అడగాలని సువర్చల ఏడాదిగా కోరుకుంటోంది. సభలో అందరి ముందూ ఎవరో లేచి అడిగినట్టు, తను నెమ్మదిగా జవాబు చెప్పినట్టు ఎన్నోసార్లు ఊహించుకుంది కూడా. ఇప్పుడు అడగాల్సినవాడే అడిగాడు. "నాది, మౌసా" అంది. చెప్పాక తల ఎత్తలేకపోయింది.

ముసలాయన పచ్చగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు. "నేను నిజంగానే అడిగాను తల్లీ, ఇంకొంచెం పెట్టమని. పప్పులో మామిడికాయ వేశారు. పొద్దుట్నుంచి ఏమీ తినలేదు. ఆమెని అక్కడ వదిలేసి వచ్చి రెండు గంటలు కాలేదు. కంచం ముందుకి జరిపాను. మా వదిన నా వైపు ఒక్కసారి చూసింది. ఏమీ అనలేదు, పెట్టింది. తిన్నాను. ఆ తర్వాత పదకొండేళ్ళు ఆ ఒక్క మాట తప్ప అన్నీ రాశాను. వాన మీద రాశాను, కాలవ మీద రాశాను, బండ్ల మీద రాశాను. ఆ మాట మాత్రం చేతికి రాలేదు. అది రాసిన రోజున గేటు వేయడం మర్చిపోయాను. ఇంజను కూత దగ్గరగా వినబడితే పరుగెత్తి వేశాను."

సువర్చల ప్రూఫుల కాగితాలు మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

"నువ్వు నన్ను మంచివాణ్ణి చేశావు" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే బాగుండునని ఆమెకి అనిపించింది.

"మార్చేస్తాను మౌసా. రెండో ముద్రణ ఉంది. ఇవి ఆ ప్రూఫులే, ఇప్పుడే మార్చేస్తాను."

ఆయన పట్టాల వైపు చూస్తూ కూర్చున్నాడు. చెయ్యి మాత్రం వద్దన్నట్టు ఆడింది. "ఉండనీ తల్లీ. ఎనభై ఒకటి వచ్చాయి. ఒక్క భాషలోనైనా మంచివాడిగా ఉంటాను."

తప్పు చేసినవాళ్ళని తిడితే కొంత బరువు దిగుతుంది. ఈయన తిట్టకపోగా, ఆమె కప్పిన దుప్పటిని అలసిపోయి కప్పుకుంటున్నాడు. అది చూడటం కన్నా కష్టమైనది ఆమెకి ఆ రోజు ఇంకేమీ లేదు.

ఇంతలో కోడలు వచ్చి, వడ్డించేశాను లేవండి అంది. సువర్చల తనకి వద్దంటే ఆ ఇల్లాలు వినలేదు. ముగ్గురినీ వసారాలోనే వరసగా కూర్చోబెట్టింది. అన్నం, కూరగాయల ముక్కలు వేసి ఉడికించిన పప్పు, వేయించిన వంకాయ. సువర్చల ముద్ద కలిపింది గానీ మింగుడు పడుతుందనుకోలేదు. మొదటి ముద్ద బలవంతాన దిగింది. ఈ మనిషికి నేను చేసిన పని ఇది, ఈయన ఇంట్లోనే కూర్చుని తింటున్నాను అనుకుంది. రెండో ముద్ద దిగింది. పొద్దున్న పలాసలో టీ తాగి బండెక్కిన మనిషి, ఒంటిగంటన్నర అవుతోంది. పప్పు వేడిగా ఉంది, అందులో ఎండుమిరపకాయ, జీలకర్ర వేయించి పొడికొట్టి చల్లారు. మూడో ముద్ద తర్వాత ముద్దలు లెక్కలేకుండా వెళ్ళాయి. పక్కన మాస్టారు అప్పటికే రెండోసారి పెట్టించుకుని తింటున్నారు. కోడలు గిన్నె పట్టుకుని ఆమె ముందు నుంచి వెళుతోంది.

"ఇంకొంచెం అన్నం పెట్టండి" అంది సువర్చల, కంచం ముందుకి జరుపుతూ.

ఒడియాలో అంది. నాలుగు రోజులు తన ముందు పెట్టుకుని కూర్చున్న మాటలు, అవే, అదే వరసలో ఆమె నోటి నుంచి వచ్చాయి. వచ్చాక గాని ఆమెకి తెలియలేదు. చెయ్యి కంచం మీద అలాగే ఉండిపోయింది. ఒళ్ళంతా సిగ్గుతో వేడెక్కింది. ముసలాయన తినడం ఆపి ఆమె వైపు చూశాడు. ఆయన వదిన ఆనాడు ఆయన్ని చూసిన చూపు ఎలాంటిదో సువర్చలకి తెలీదు. ఈ చూపులో మాత్రం నింద లేదు. ఇన్నేళ్ళూ ఒక్కడే కూర్చున్న పంక్తిలోకి ఎవరో వచ్చి పక్కన కూర్చున్నట్టు చూశాడు.

"పెట్టు, పెట్టు" అన్నాడు కోడలితో. "పప్పు కూడా వెయ్యి. ఆకలి మీద ఉంది."

సువర్చల తల వంచుకుంది. కన్నీళ్ళు వచ్చాయి, ఆపుకోలేదు. కన్నీళ్ళు వస్తూండగానే పెట్టిందంతా తినేసింది. అన్నం ఉప్పగా ఏమీ లేదు, బాగుంది.

బయల్దేరేటప్పుడు ప్రూఫుల మాట ముసలాయన ఎత్తలేదు. గుమ్మం దాకా వచ్చి, "ఈసారి ఫోన్ చెయ్యకు, బండెక్కు" అన్నాడు, అంతే.

తిరుగు బండి ఆ ఇంటి ముందు నుంచే వెళ్ళింది. వసారా చివర ఆయన నిలబడి ఉన్నాడు, చాచిన చేతిలో పచ్చగుడ్డ. వెళ్ళే ప్రతి బండికీ ఆయన అలా చూపిస్తాడని కోడలు భోజనాల దగ్గర నవ్వుతూ చెప్పింది. అయినా సువర్చల కిటికీలోంచి మెడ తిప్పి, ఆ పచ్చదనం కనిపించకుండా పోయేదాకా చూసింది.

తర్వాత ప్రూఫులు ఒళ్ళో పెట్టుకుని పెన్సిలు తీసింది. ఉండనీ అని ఆయన అన్నప్పటికి ఆమె ఇంకా అన్నం అడగలేదు. కొట్టెయ్యబోతున్నది జనం గుర్తుపెట్టుకున్న తన ఒకే ఒక్క వాక్యం. ఇది పోతే మంచం కింద అట్టపెట్టెలు తప్ప తనకంటూ ఏమీ లేదు. బాధేసింది. ఎంత మంచిపని చేస్తున్నా ఆ బాధ తగ్గలేదు. బండి కుదుపులకి గీత వంకరగా వచ్చింది. దాని పక్కన మార్జిన్‌లో ఆయన రెండు ముక్కలూ తెలుగులో రాసింది. నాలుగు రోజులు కుస్తీ పట్టినవి, ఇప్పుడు నిమిషం కూడా పట్టలేదు.

"సన్మానపత్రం అచ్చయిపోయిందటండీ" అంది.

"అయితే వాళ్ళ పత్రం వాళ్ళు చదువుతారు. నువ్వు ఆయన కవిత చదువు."

"సభలో ఎవరూ ఏడవరు."

"ఏడవరు" అని మాస్టారు ఒప్పుకున్నారు. బొటనవేలు నొక్కుకున్నారు. "నీ పుస్తకానికి ముందుమాట ఎవరు రాశారు?"

"మీరే."

"అందులో నేను ఎత్తి చూపించి పొగిడింది ఏ వాక్యం?"

సువర్చల కాగితాలు తిప్పింది. తిప్పనక్కర్లేదు, ఆమెకి గుర్తే. ఉప్పు వాక్యమే.

"ఒడియా పుస్తకం పక్కనే ఉంది" అన్నారు మాస్టారు. "చూశాను. అందులో లేదని అప్పుడే తెలిసింది. ఎంత బాగా రాసింది మా పిల్ల అనుకున్నాను. ఊరుకున్నాను. ముప్పై తొమ్మిది పుస్తకాలు చేసినవాణ్ణి, అలసిపోయి ఊరుకున్నానని చెప్పుకోవచ్చు. అది నిజం కాదు, నాకు నచ్చింది. అదీ కొట్టెయ్యి. ఆ పేరా అంతా కొట్టెయ్యి."

ఆమె ముందుమాట పేజీ తీసి ఆ పేరా మీద అడ్డంగా గీత పెట్టింది. మాస్టారు కిటికీకి తల ఆనించుకున్నారు. ఇచ్ఛాపురం ఇంకా అరగంట ఉంది. సువర్చలకి పొద్దున్న అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది. రోజంతా తిరిగారు, తిన్నారు, కొట్టేశారు, జవాబు మాత్రం ఆమెకి ఇంకా చిక్కలేదు.

"ఇంతకీ ఆ ఉప్పు వాక్యం ఎవరిదండీ మాస్టారూ?"

ఆయన కళ్ళు తెరవలేదు.

"ఆకలి వెయ్యనివాళ్ళెవరిదో అయి ఉంటుందమ్మా. మన ముగ్గురిలో ఎవరిదీ కాదు."